చెప్పిన మాట తలలో ఎక్కడ నిలుస్తుంది?

మన కాలనీల్లో ఏ ఇంటి ముందు నిలబడినా రోజుకొకసారైనా ఈ మాట వినబడుతుంది: "ఇప్పుడే కదా చెప్పినాను, అంతలోనే మరిచిపోయినావా?" అమ్మ కొడుకును అంటుంది, మేస్త్రీ కొత్తగా చేరిన అమ్మాయిని అంటాడు, పెళ్ళాం మొగుణ్ణి అంటుంది. అంగడికి పంపిస్తే మూడు సామాన్లలో రెండే తెచ్చిన పిల్లవాడికి వీపు మీద ఒకటి పడుతుంది కూడా. దాన్ని మనం మతిమరుపు అంటాం, కాకుంటే నిర్లక్ష్యం అంటాం, కోపం ముదిరితే పొగరు అంటాం. అసలు అదేమిటో, తలలో ఏ భాగం ఆ పని చూసుకుంటుందో తెలుసుకోవలసిన అవసరం మా ఇంట్లోనే వచ్చిపడింది. అప్పటినుంచి అడిగి తెలుసుకున్నదీ, చదివిందీ, కళ్ళారా చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. బెంగళూరులో ఒక స్పిన్నింగ్ మిల్లులో 26 ఏళ్ళు రింగ్ ఫ్రేముల మధ్య తిరిగి, ఇప్పుడు ముళబాగిలులో ఉంటున్నవాణ్ణి.

ముళబాగిలు అంటే బయటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది దోశె. పొద్దున ఎనిమిదింటికి బస్టాండు దగ్గర ఏ హోటల్లోనైనా కూర్చుని సర్వరును గమనించండి. మూడు బల్లల దగ్గర నిలబడి అడుగుతాడు. చేతిలో కాగితం ఉండదు, పెన్ను ఉండదు. రెండు మసాలా, ఒకటి ఖాళీ, ఒకటి వెన్న లేకుండా, మూడు కాఫీ, అందులో ఒకటి చక్కెర వద్దు. దారిలో ఇంకొకరు "నీళ్ళు తేప్పా" అంటే "వస్తా ఉండా అన్నా" అంటాడు. అయినా ఇరవై అడుగులు నడిచి పెనం దగ్గరికి పోయేసరికి ఒక్కటీ జారిపోదు. అన్నీ గడగడా అప్పజెబుతాడు. గంట తర్వాత పిలిచి "ఇందాక ఆ మూల బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఏం తిన్నారు?" అని అడిగితే నవ్వేస్తాడు. గుర్తుండదు. గుర్తుండకపోవడమే మంచిది. పొద్దుటినుంచి వేసిన దోశెలన్నీ తలలో ఉంటే మధ్యాహ్నానికి మనిషి పిచ్చెక్కిపోతాడు.

చేతిలో పని అయ్యేంతవరకు మాత్రమే మాటను పట్టుకుని, అవసరమైతే దాన్ని అటూ ఇటూ మార్చి, పని కాగానే వదిలేసే ఈ శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. నేను పని జ్ఞాపకం అంటాను. ఇది మనం మామూలుగా జ్ఞాపకశక్తి అనేదానికంటే వేరు. కోలారు బంగారు గనులు మూతబడిన 2001 ఫిబ్రవరి 28 గురించి కె.జి.ఎఫ్.లో ఏ పెద్దమనిషిని అడిగినా, ఆ రోజు తానెక్కడున్నాడో ఇప్పటికీ చెబుతాడు. మా ఊళ్ళో పుట్టిన డి.వి. గుండప్పగారి కగ్గ పద్యాలు వందలకొద్దీ నోటికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అది గోదాము. పెట్టిన సరుకు ఏళ్ళ తరబడి ఉంటుంది. పని జ్ఞాపకం గోదాము కాదు, గోదాము ముందర ఉండే చిన్న బల్ల. దాని మీద ఒకేసారి నాలుగైదు వస్తువులకంటే పట్టవు. కొత్తది పెట్టాలంటే పాతది తీయాలి.

ఈ బల్ల తలలో ఎక్కడుంది?

మన మెదడు బరువు దాదాపు 1,400 గ్రాములు. ఒంటి బరువులో వందకు రెండు వంతులే, కానీ మనం తిన్నదాంట్లోంచి వచ్చే శక్తిలో ఐదో వంతు ఖర్చుపెట్టేస్తుంది. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని లెక్క. నుదుటి ఎముక వెనక ఉండే భాగాన్ని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. ముందరి మెదడు అనుకుందాం. పని జ్ఞాపకం సంగతి మొదట పట్టిచ్చింది ఈ భాగమే.

1930లలో అమెరికాలో జేకబ్‌సన్ అనే శాస్త్రవేత్త కోతుల మీద, చింపాంజీల మీద ఒక పరీక్ష పెట్టాడు. మన పిల్లలు ఆడుకునే ఆటలాంటిదే. రెండు గిన్నెలు బోర్లించి, జంతువు చూస్తుండగానే ఒకదాని కింద తిండి దాచిపెడతారు. మధ్యలో తెర దించుతారు. కొన్ని సెకండ్లు ఆగి తెర ఎత్తుతారు. మామూలు కోతి నేరుగా సరైన గిన్నె ఎత్తుతుంది. ముందరి మెదడు తీసేసిన కోతి మాత్రం తడబడిపోతుంది. కళ్ళు బాగానే కనిపిస్తాయి, చేతులు ఆడతాయి, ఆకలీ ఉంది. ఆ కొన్ని సెకండ్లు "కుడివైపు గిన్నె" అన్న సంగతిని పట్టుకోవడం ఒక్కటే చేతకాదు.

దీనికి ఒక కొసరు ఉంది. నాకు అన్నింటికంటే నచ్చింది అదే. 1942లో మాల్మో అనే ఆయన అదే పరీక్ష చేస్తూ, తెర దించిన సమయంలో గదిలో దీపం ఆర్పేశాడు. ముందరి మెదడు లేని కోతులు ఈసారి చాలా మెరుగ్గా చేశాయి! అంటే వాటి తలలోంచి విషయం పూర్తిగా ఎగిరిపోలేదు. వెలుతురులో కళ్ళకు కనబడే ప్రతిదీ వచ్చి దాన్ని తోసేస్తోంది, అంతే. ముందరి మెదడు చేసే పనిలో ముఖ్యమైనది కాపలా. బల్ల మీద ఉన్నదాన్ని దారినపోయేవాళ్ళు తోసెయ్యకుండా చూసుకోవడం.

1971లో ఫుస్టర్, అలెగ్జాండర్ అనే ఇద్దరు కోతుల ముందరి మెదడులో సన్నని తీగలు పెట్టి ఒక్కొక్క కణం ఏం చేస్తోందో విన్నారు. తెర దిగి ఉన్నంతసేపూ, కళ్ళముందు ఏమీ లేకపోయినా, కొన్ని కణాలు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. జపానులో కుబోటా, నికి కూడా అదే ఏడాది అలాంటివే కనుక్కున్నారు. ఆ కణాలు అంతసేపూ ఆపకుండా మోగాలా, మధ్యమధ్య మోగినా చాలా అన్నదాని మీద ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాదించుకుంటున్నారు. వాదన వాళ్ళది. మనకు కావలసింది ఒకటే: మాటను పట్టుకోవడం అంటే మెదడు ఆ క్షణంలో చేస్తున్న పని, ఊరికే జరిగిపోయేది కాదు. పని కాబట్టి అలుపు ఉంటుంది.

ముందరి మెదడు ఒక్కటే ఈ పని చేస్తుందనుకుంటే తప్పు. అది మేస్త్రీలాంటిది, సరుకు మొయ్యదు. చెవినపడిన మాట నడినెత్తికి ఎడమవైపు, చెవికి కాస్త పైన ఉండే భాగంలో నిలుస్తుంది. అది రెండు సెకండ్లలో మాసిపోతుంది కనక మనం లోలోపల దాన్ని మళ్ళీ మళ్ళీ అనుకుంటాం. పెదవులు కదలకపోయినా ఆ అనుకోవడం కూడా ఒకరకం మాట్లాడటమే, దానికి ఎడమవైపు మాట పుట్టే భాగం కావాలి. ఏ సామాను ఎక్కడుంది, ఏ స్పిండిల్ దగ్గర పోగు తెగింది అన్న చోట్ల లెక్కకు నడినెత్తి వెనక భాగం, ఎక్కువగా కుడివైపుది, పనికొస్తుంది. చూసిన గీత ఎటు వాలి ఉందో గుర్తుపెట్టుకోమంటే, ఆ గీత కళ్ళముందు లేనప్పుడు కూడా చూపుకు సంబంధించిన వెనకటి మెదడులో దాని జాడ ఉంటుందని 2009లో స్కానింగుతో చూపించారు. మెదడు అడుగున లోతుగా ఉండే కొన్ని ముడులు గేటు దగ్గర వాచ్‌మన్ పని చేస్తాయి: ఇది లోపలికి రానివ్వు, దాన్ని ఆపు. ఇలా చెవివైపు ఒకటి, కంటివైపు ఒకటి, పైన ఒక మేస్త్రీ అని మొదట పద్ధతిగా చెప్పింది 1974లో బ్రిటన్‌లో బాడ్లీ, హిచ్ అనే ఇద్దరు.

రెండు సెకండ్ల సంగతి మన తెలుగువాళ్ళకు బాగా అతికినట్టు ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పక్కింట్లో తమిళం మాట్లాడే మా ఊళ్ళో కూడా ఫోన్ నంబరు చెప్పేటప్పుడు మాత్రం అందరూ "నైన్ ఎయిట్ ఫోర్" అంటారు. ఇంగ్లీషు మోజు అనుకునేవాణ్ణి. దానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చని ఇప్పుడు తోస్తోంది. 'ఎనిమిది', 'తొమ్మిది', 'నాలుగు' అనడానికి పట్టే సమయంలో 'ఎయిట్', 'నైన్', 'ఫోర్' ముందే అయిపోతాయి. లోలోపల తిప్పుకునే చుట్టు పొట్టిగా ఉంటే అందులో ఎక్కువ అంకెలు పడతాయి. బ్రిటన్‌లో వెల్ష్ భాషలో అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది కనక ఆ భాషలో చెబితే తక్కువ అంకెలు గుర్తుంటాయని 1980లో చూపించారు. పిల్లల తెలివిలో తేడా లేదు, పేర్ల పొడవులో ఉంది. ఈ సంగతి ప్రతి బడిలోనూ తెలిసి ఉండాలి.

ఎన్ని పడతాయి అంటే, 1956లో మిల్లర్ అనే అమెరికా ఆయన ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు. ఆ లెక్క చాలా పేరుకెక్కింది. లోపల తిప్పుకోవడానికి వీల్లేకుండా చేసి చూస్తే నాలుగే నిలుస్తాయని 2001లో కోవన్ తేల్చాడు. అందుకే పది అంకెల నంబరును ఎవరూ పది అంకెలుగా గుర్తుపెట్టుకోరు, మూటలు కడతారు.

ఇక మా ఇంటి సంగతి.

మా అక్క కొడుకు ఒక స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేము మీద పని చేసేవాడు. పోగులు అతకడంలో వాడి చెయ్యి చూస్తే నాకే ముచ్చటేసేది. రెండో షిఫ్టు దిగి రాత్రిపూట మోటారుసైకిలు మీద ఇంటికి వస్తూ హైవే మీద పడ్డాడు. హెల్మెట్ లేదు. నుదురు ముందుగా రోడ్డుకు తగిలింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. కుట్లు మానాయి, నడిచాడు, మాట్లాడాడు, బంధువులందరినీ పేరు పెట్టి పలకరించాడు, చిన్నప్పుడు చెరువులో ఈత నేర్చుకున్నది కూడా చెప్పాడు. జ్ఞాపకశక్తి బ్రహ్మాండంగా ఉందని అందరం సంతోషపడ్డాం. రెండు నెలలకు డ్యూటీకి పోయాడు.

అక్కడినుంచి మొదలైంది. సూపర్‌వైజరు "రెండో ఫ్రేము డాఫింగ్ చేసి, ఖాళీ బాబిన్లు ట్రాలీలో వేసి, ఐదో ఫ్రేములో స్పిండిల్ టేపు తెగింది, ఫిట్టరుకు చెప్పు" అంటాడు. వీడు తలూపుతాడు. డాఫింగ్ చేస్తాడు, బాగానే చేస్తాడు. ఆ తర్వాత అలాగే నిలబడి ఉంటాడు. ఎవరైనా మధ్యలో పలకరిస్తే డాఫింగ్ కూడా సగంలో వదిలేసి వాళ్ళవైపు పోతాడు. నెల తిరక్కుండానే మెమో చేతికిచ్చారు. గాయం మానింది కదా, కావాలని పని ఎగ్గొడుతున్నాడు అని వాళ్ళ మాట. ఇంట్లోనూ అదే. కోడలు ఏడ్చింది: "మామా, యాక్టింగ్ చేస్తా ఉండాడు. పాత సంగతులన్నీ జ్ఞాపకం ఉంటాయంట, నేను పొద్దున చెప్పింది మాత్రం ఉండదంట!" మా అక్క దేవుళ్ళకు మొక్కుకుంది. కురుడుమలె వినాయకుడికి టెంకాయలు కొట్టింది. వాడు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పుకోలేక, ఒకసారి నాతో అన్నాడు: "మామా, చెప్పేటప్పుడు అంతా అర్థమౌతుంది. రెండడుగులు వేసేసరికి ఎవరో పలకను తుడిచేసినట్టు ఉంటుంది."

బెంగళూరులో ఒక ఆసుపత్రికి తోడుగా నేను పోయినాను. అక్కడ మందుల డాక్టరు కాకుండా, మెదడు పనితీరును పరీక్షించే ఒకామె రెండు రోజులు వాడి ముందు కూర్చుంది. అంకెలు చెప్పి తిరిగి చెప్పమంది. ఐదు చెప్పాడు. అవే అంకెలను వెనకనుంచి ముందుకు చెప్పమంది. రెండు చెప్పాడు, మూడు చెప్పలేకపోయాడు. ఆ తర్వాత వరసగా అక్షరాలు చదువుతూ, ఇప్పుడు విన్నది అంతకు ముందుదాని ముందు విన్న అక్షరమే అయితే బల్ల మీద తట్టమంది. అక్కడ పూర్తిగా చేతులెత్తేశాడు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. యాక్టింగ్ చేసేవాడికి ఆ చెమట రాదు. ఆమె నాతో కన్నడం కలిసిన తెలుగులో చెప్పింది: "ముందుకు చెప్పడానికి మాట నిలిస్తే చాలండీ. వెనక్కి చెప్పాలంటే పట్టుకోవాలి, తిప్పాలి కూడా. ఆ తిప్పే చోట దెబ్బ తగిలింది. ఇది ఎక్స్‌రేలో కనపడదు."

ఈ పరీక్షల గురించి ఒక మాట. బెంగళూరులో 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ వాళ్ళు మన దేశపు పెద్దవాళ్ళకోసం ఇలాంటి పరీక్షలన్నీ ఒకచోట చేర్చి 2004లో పుస్తకంగా వేశారు. అందులో బడికే పోనివాళ్ళకు ఒక లెక్క, బడి చదువువాళ్ళకు ఒక లెక్క, కాలేజీ చదువువాళ్ళకు ఒక లెక్క. చదువు లేనంత మాత్రాన మెదడు దెబ్బతిన్నట్టు రాసెయ్యకూడదు కదా. మనలాంటివాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. పరీక్షకు పోయినప్పుడు ఎంతవరకు చదువుకున్నారో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగకపోయినా మీరే చెప్పండి.

పాతది గుర్తుండి కొత్తది నిలవకపోవడం అబద్ధమని మా కోడలు అనుకున్నట్టే పూర్వం డాక్టర్లు కూడా ఈ రెండింటినీ ఒకే జ్ఞాపకం అనుకునేవాళ్ళు. ఆ ముడి విప్పింది ఇద్దరు రోగులు. అమెరికాలో హెచ్.ఎం. అని పిలిచిన యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి 1953లో ఆపరేషన్ చేసి, రెండు చెవుల లోపలివైపు లోతుగా ఉండే హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి కానీ ఆ రోజునుంచి అతని గోదాములోకి కొత్త సరుకు పోలేదు. భోంచేసిన అరగంటకు భోంచేసినట్టు తెలియదు. అయినా బల్ల చెక్కుచెదరలేదు. ఒకసారి 584 అనే సంఖ్య చెబితే, ఆ అంకెలను కలుపుతూ తీసేస్తూ ఏదో లెక్క కట్టుకుని పావుగంటసేపు పట్టుకున్నాడు. వేరే మాటలో పడగానే సంఖ్యా పోయింది, తనకు ఒక సంఖ్య చెప్పారన్న సంగతీ పోయింది. 82 ఏళ్ళు బతికి 2008లో చనిపోయాడు. డాక్టర్లకు అతను నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదేమో.

రెండో మనిషి కె.ఎఫ్., బ్రిటన్‌వాడు. మా మేనల్లుడిలాగే మోటారుసైకిలు ప్రమాదం. దెబ్బ ఎడమవైపు నడినెత్తి వెనక. 1969లో వారింగ్టన్, షాలిస్ అనే శాస్త్రవేత్తలు అతని సంగతి రాశారు. విన్న అంకెల్లో ఒకటి రెండుకంటే తిరిగి చెప్పలేడు. గోదాము మాత్రం బాగుంది, కొత్త విషయాలు నేర్చుకుని నెలల తరబడి గుర్తుపెట్టుకోగలడు. ఒకరికి బల్ల ఉండి గోదాము దారి మూసుకుపోయింది, ఇంకొకరికి గోదాము ఉండి బల్ల విరిగింది. మా వాడిది మూడో రకం. బల్లా ఉంది, గోదామూ ఉంది, మధ్యలో మేస్త్రీ లేడు.

మేస్త్రీ గట్టిగా ఉంటే ఏం చెయ్యొచ్చో చూడాలంటే మన తెలుగువాళ్ళు దూరం పోనక్కరలేదు, అవధానం ఉంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసి దాన్ని జనంలోకి తెచ్చారు. మా జిల్లాకు కూడా ఇందులో వాటా ఉంది. కన్నడంలో అవధానాన్ని మళ్ళీ నిలబెట్టిన శతావధాని ఆర్. గణేశ్ 1962లో కోలారులోనే పుట్టారు. చదివింది ఇంజనీరింగు. కన్నడం, సంస్కృతం, తెలుగు మూడింట్లోనూ అవధానం చేసిన మనిషి.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, ఒకరు అడుగడుగునా ఈ అక్షరం వాడొద్దంటారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ నాలుగు చుట్లు తిరుగుతాడు. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు కొట్టారో లెక్క ఉంచుకోవాలి. చివర అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి, అది ధారణ. ఇంతమందిలో నాకు అందరికంటే ఘటికుడుగా కనిపించేది అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి. పద్యం సగంలో ఉండగా "అవధానిగారూ, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" లాంటి ప్రశ్న వేసి నవ్విస్తాడు. చూసేవాళ్ళకు వినోదం. నిజానికి అది మాల్మో కోతుల గదిలో దీపం వెలిగించడమే! తలలో ఉన్నదాన్ని తోసెయ్యడానికి ఎంతో ఆలోచించి పెట్టిన అడ్డు. అప్పటికి స్కానింగూ లేదు, తీగలూ లేవు, మెదడులో ఎక్కడ పట్టు సడలుతుందో మన పెద్దలకు అనుభవంతో తెలిసింది.

అయితే అవధాని బల్ల మనకంటే పెద్దదేమీ అయి ఉండదని నా నమ్మకం. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. విడివిడిగా 20 అక్షరాలు ఏ తలలోనూ నిలవవు. గణాల నడక, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస, ఇవన్నీ ముందే గోదాములో తయారుగా ఉన్న అచ్చులు. వాటిలో పోస్తే ఇరవై అక్షరాలు ఒక్క మూట అవుతుంది. అమెరికాలో 1980లో ప్రచురించిన ఒక ప్రయోగం కూడా ఇదే చెప్పింది. మామూలు కాలేజీ కుర్రాడొకడు రెండేళ్ళలో 230 గంటలు సాధన చేసి, ఒకసారి విన్న 79 అంకెలను వరసగా తిరిగి చెప్పాడు. వాడు పరుగుపందేలవాడు, అంకెలను పరుగు సమయాలుగా మూటలు కట్టుకునేవాడు. అంకెలు మాని అక్షరాలు ఇస్తే మళ్ళీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. జ్ఞాపకశక్తి పెంచే మాత్రలు, టానిక్కులు అంటూ మన కాలనీలకు వచ్చి అమ్మేవాళ్ళ సంచుల్లో ఏముందో తెలియదు కానీ, ఈ కుర్రాడి దగ్గర ఉన్నది సాధన ఒక్కటే.

మన ఇళ్ళకు పనికొచ్చే మాటలు కొన్ని. పిల్లల ముందరి మెదడు పాతికేళ్ళ దాకా పండుతూనే ఉంటుంది. ఐదేళ్ళ పిల్లకు ఒకేసారి నాలుగు పనులు చెప్పి, రెండు చేస్తే కొట్టడం అన్యాయం. ఒకటి చెప్పండి, అది కానిచ్చాక రెండోది. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం వినే పిల్లకు మొదటి ఏడాది ఆ కొత్త మాటల శబ్దమే బల్లంతా ఆక్రమిస్తుంది. టీచరు మూడో వాక్యం చెప్పేలోపు మొదటిది జారిపోతుంది. దాన్ని చూసి మొద్దు అనకండి. రెండు భాషలు పిల్లను పాడుచెయ్యవు, కాస్త సమయం అడుగుతాయి, అంతే.

చదువుకునేటప్పుడు మగ్గం చప్పుడో, ఫ్యాను చప్పుడో ఒకే తీరుగా ఉంటే పెద్దగా చెడగొట్టదు. మాటలు చెడగొడతాయి. పక్కగదిలో సీరియల్ మోగుతుంటే, అది విననని పిల్ల ఒట్టేసినా, ఆ మాటలు చెవివైపు బల్ల మీదికి వచ్చి కూర్చుంటాయి. పరీక్షల నెలలోనైనా టీవీ ఆపండి. ఇది పిల్లలకంటే అత్తలకు కష్టమని నాకు తెలుసు. నైట్ షిఫ్టు చేసి నిద్రలేకుండా ఉన్న మనిషికి ముందుగా బలహీనపడేది ఈ మేస్త్రీ పనే. లెక్కలు, సంతకాలు, బ్యాంకు పనులు ఆ పొద్దున పెట్టుకోవద్దు. ఉన్నట్టుండి ఒక్క పూటలో మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా అది మతిమరుపు కాదు. పక్షవాతం కావచ్చు. గంటలు కాదు, నిమిషాలు లెక్క.

తలకు దెబ్బ తగిలి లేచిన మనిషి ఇంట్లో ఉంటే అతని పాత కబుర్లు విని బాగయ్యాడని తీర్మానించకండి. మూడు పనులు ఒకేసారి చెప్పి చూడండి. చెయ్యలేకపోతే పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. డ్యూటీకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు దారిలో జరిగిన ప్రమాదాన్ని, పనికీ ఆ ప్రయాణానికీ సంబంధం రుజువైతే, పనిలో జరిగిన ప్రమాదంగానే లెక్కించాలని ఈఎస్ఐ చట్టానికి 2010లో సవరణ వచ్చింది. చాలామందికి ఈ సంగతే తెలియదు. షిఫ్టు ముగిసిన సమయం, హాజరు రికార్డు, పోలీసు కాగితం, ఆసుపత్రిలో చేరిన గంట, ఇవన్నీ దాచిపెట్టాలి.

మా వాడి రిపోర్టు ఏడు పేజీలు. అందులో వెనక్కి రెండు అంకెలు మాత్రమే చెప్పగలిగాడన్న వాక్యం కింద యూనియన్ అన్న ఎర్ర గీత గీశాడు. మెమో వెనక్కి తీసుకున్నారు. ఫ్రేము మీదినుంచి తీసి ప్యాకింగులో వేశారు, అక్కడ పొద్దంతా ఒకటే పని. మెడలో చిన్న పలకలాంటి అట్ట వేలాడదీసుకున్నాడు. ఎవరు ఏది చెప్పినా ముందు దాని మీద రాస్తాడు, పని కాగానే గీత కొడతాడు. కోడలు కూడా ఇంట్లో వంటింటి గోడకు ఒక పలక తగిలించింది. మొదట్లో సామాన్ల పేర్లు రాసేది, ఇప్పుడు తిట్లు కూడా రాస్తోందని వాడు నవ్వుతున్నాడు. జీతంలో తేడా ఉంది, దానికోసం ఈఎస్ఐ మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టాం. వచ్చే నెల పదకొండో తారీఖు రమ్మన్నారు. నేనే తోడు పోతున్నాను.